బి.ఎన్. రెడ్డి ఒకరా, ఇద్దరా? ఒకే పేరున్న ప్రముఖులను విడదీసే పద్ధతి

మీ ప్రశ్న ఇది: మీ ఊరి గ్రంథాలయం కోసం తెలుగు ప్రముఖుల పట్టిక తయారుచేస్తున్నారు. బి.ఎన్. రెడ్డి పేరు కింద ఒక పుస్తకంలో ‘మల్లీశ్వరి’ తీసిన దర్శకుడని ఉంది. మరో పుస్తకంలో తెలంగాణ సాయుధ పోరాట నాయకుడు, లోక్‌సభ సభ్యుడని ఉంది. ఇద్దరూ ఒకరేనా? కాకపోతే ఇలాంటి పేర్లు వచ్చినప్పుడు ఎలా తేల్చుకోవాలి?

ఇద్దరూ వేరు. దర్శకుడు బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి (1908–1977). కడప జిల్లా పులివెందుల ప్రాంతం వారు. వాహినీ సినిమా సంస్థ స్థాపకుల్లో ఒకరు. నాయకుడు భీమిరెడ్డి నరసింహారెడ్డి (1922–2008). పూర్వపు నల్లగొండ జిల్లా, ఇప్పటి సూర్యాపేట జిల్లా వారు. మిర్యాలగూడ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. మల్లు స్వరాజ్యం గారు ఆయన చెల్లెలు. ఇంటిపేర్లలో మొదటి అక్షరం ‘బ’ ఒకచోట, ‘భ’ ఒకచోట. పొడి అక్షరాల్లోకి వచ్చేసరికి రెండూ ‘బి’ అయిపోయాయి. అసలు పేరు, చివర రెడ్డి ఎలాగూ ఒకటే.

ఇక పద్ధతి సంగతి. పేరు, ఇంటిపేరు కలిసినంత మాత్రాన ఇద్దరిని ఒకరిగా రాయకండి. పుట్టిన, పోయిన సంవత్సరాలు, తండ్రి పేరు, సొంత ఊరు: ఈ మూడింటిలో కనీసం రెండు కలిస్తేనే ఒకరిగా రాయండి. వృత్తి కలవడాన్ని వీటిలో లెక్కపెట్టకండి. ఎందుకో కింద చెబుతాను. తెలుగు పుస్తకాలకు రచయితల సూచికలు తయారుచేయడమే నా ఉద్యోగంగా ఉండేది. పదవీ విరమణ తర్వాత కూడా అదే పని మరోలా చేస్తున్నాను. కాబట్టి ఇది పుస్తకాల మధ్య తిరిగి కుదుర్చుకున్న పద్ధతి అనుకోండి.

మీ పట్టికలో ఇంకొక జంట కూడా కాచుకుని ఉంటుంది, ముందే చెబుతున్నాను. దర్శకుడు బి.ఎన్. రెడ్డి తమ్ముడు బి. నాగిరెడ్డి (1912–2004). విజయా సంస్థ నిర్మాత, ‘చందమామ’ పత్రిక స్థాపకుడు. ఆయన పేరుతో కూడా ఒక కమ్యూనిస్టు నాయకుడున్నారు. ఆయన తరిమెల నాగిరెడ్డి (1917–1976), అనంతపురం జిల్లా వారు. 1952 ఎన్నికల్లో స్వయానా తన బావ నీలం సంజీవరెడ్డినే ఓడించి మద్రాసు శాసనసభకు వెళ్లారు. సినిమా రంగంలోని అన్నదమ్ములిద్దరికీ వామపక్ష రాజకీయాల్లో చెరొక పేరుతోటి మనిషి ఉండటం కాకతాళీయమే. కానీ ‘నాగిరెడ్డి’ అని మాత్రమే రాసిన పాత వ్యాసం చేతికి వస్తే ఎవరి గురించో తెలియాలంటే రెండు మూడు పేరాలు చదవక తప్పదు. అన్నదమ్ములిద్దరూ దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం పొందినవారే, 1974కు అన్న, 1986కు తమ్ముడు. అందుకని ‘ఫాల్కే పురస్కారం పొందిన బి.ఎన్. రెడ్డి’ అని ఉన్నచోట నాగిరెడ్డి గారి పేరునే ఎవరైనా అలా కుదించారేమో కూడా చూడాలి. ఇద్దరి పేర్లూ పొడి అక్షరాల్లో బి.ఎన్. అనే కదా.

ఆ పక్కనే కె.వి. రెడ్డి. సినిమావారికి ఈ పేరంటే కదిరి వెంకటరెడ్డి (1912–1972), ‘మాయాబజార్’ దర్శకుడు. మద్రాసు రాష్ట్ర చరిత్ర చదివినవారికి కూర్మా వెంకటరెడ్డి నాయుడు (1875–1942), జస్టిస్ పార్టీ నాయకుడు, 1937లో కొద్ది నెలలు మద్రాసు ప్రధాని (ఇప్పటి మాటలో ముఖ్యమంత్రి). ఆంగ్ల పత్రికల్లో ఈయనను కూడా కె.వి. రెడ్డి అనే రాసేవారు.

తెలుగులో ఈ చిక్కు ఎందుకు ఇంత ఎక్కువ? మన ఇళ్లలో పిల్లలకు పెట్టే పేర్లు చాలాకాలం పాటు కులదైవం, ఇలవేల్పు, తాత, నాయనమ్మల పేర్లే. వెంకట, సుబ్బ, నరసింహ, రామ, కృష్ణ, లక్ష్మి: వీటికి వెనక రావు, రెడ్డి, మూర్తి, శాస్త్రి, అమ్మ చేర్చుకుంటూ పోతే తరాల పేర్లన్నీ అందులోనే సరిపోతాయి. మనిషిని మనిషి నుంచి వేరుచేసింది ఇంటిపేరు. బడి రిజిస్టర్లు, ఆఫీసు కాగితాలు వచ్చాక ఆ ఇంటిపేరునే పొడి అక్షరంగా కుదించేశాం. గుర్తుపట్టడానికి పనికొచ్చే భాగాన్ని కుదించి, అందరికీ ఉండే భాగాన్ని పూర్తిగా రాసే అలవాటు మనది. సూచికలు చేసేవాళ్లకు పని పెరిగింది ఇక్కడే.

ఒక్క ‘సుబ్బారావు’ను తీసుకోండి. రాయప్రోలు సుబ్బారావు (1892–1984) భావకవి. కోకా సుబ్బారావు (1902–1976) భారత ప్రధాన న్యాయమూర్తి, 1967 గోలక్‌నాథ్ తీర్పు ఆయన కాలంలోదే. దువ్వూరి సుబ్బారావు 2008 నుంచి 2013 వరకు రిజర్వు బ్యాంకు గవర్నరు. ఇంటిపేరు ఉన్నంతవరకు వీళ్లతో ఇబ్బంది లేదు. ఇబ్బంది పెట్టే జంట వేరే ఉంది: యల్లాప్రగడ సుబ్బారావు, తల్లాప్రగడ సుబ్బారావు. మొదటివారు భీమవరంలో పుట్టి అమెరికాలో పనిచేసిన జీవరసాయన శాస్త్రవేత్త (1895–1948). రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతికి ఫిస్క్‌తో పాటు ఆయన పేరు కూడా ఉంది. రెండోవారు మద్రాసులో దివ్యజ్ఞాన సమాజంతో (థియోసాఫికల్ సొసైటీ) కలిసి నడిచిన వేదాంతి (1856–1890). ఆంగ్లంలో ఇద్దరి పేర్లూ ‘రావు’ను ‘రో’గా రాసే పాత వర్ణక్రమంలోనే కనిపిస్తాయి. రోమను లిపిలో తయారైన ఏ పట్టికలోనైనా ఇద్దరూ పక్కపక్కనే వస్తారు. ఇంటిపేరు తీసేస్తే కలిసిపోతారు. ఇక్కడ తేల్చేది సంవత్సరమే: మొదటివారు పుట్టేనాటికి రెండోవారు పోయి దాదాపు ఐదేళ్లు.

స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టిన పాత తెలుగు పుస్తకాలతో పనిచేసేటప్పుడు ఈ రోమను లిపి గురించి గట్టిగా గుర్తుపెట్టుకోండి. పుస్తకం పేరు, రచయిత పేరు తెలుగు రానివారు ఎక్కించిన సందర్భాలు చాలా ఉన్నాయి. అదే రచయిత మూడు వర్ణక్రమాల్లో ముగ్గురుగా కనిపిస్తారు, ముగ్గురు రచయితలు ఒకే వర్ణక్రమంలో ఒకరవుతారు. ఆ వివరాలను నమ్మకుండా పుస్తకం తెరిచి ముఖపత్రం చూడండి. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో అచ్చయిన తెలుగు పుస్తకాలు ఈ విషయంలో మనకు ఎంతో మేలు చేశాయి. చాలా పుస్తకాలకు ముఖపత్రం మీదే రచయిత ఉద్యోగం, ఊరు ఉంటాయి: ఫలానా ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడు, ఫలానా అగ్రహారం అని. పీఠిక చివర సంతకం కింద ఊరు, తేదీ ఉంటాయి. కృతిని తల్లిదండ్రులకు అంకితమిస్తే తండ్రి పేరు కూడా దొరికినట్టే. అట్ట వెనక ‘ఈ రచయిత ఇతర పుస్తకాలు’ జాబితా ఉంటే అంతకంటే మంచి సాక్ష్యం లేదు.

ఇంటిపేరు పూర్తిగా రాసినా తేలని జంటలున్నాయి. నండూరి సుబ్బారావు అనగానే ‘ఎంకి పాటలు’ రాసిన కవి (1895–1957) గుర్తొస్తారు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం నాటకాలు విన్న తరానికి అదే పేరుతో మరో నండూరి సుబ్బారావు బాగా తెలుసు, ఆయన రేడియో నటుడు. ఇంటిపేరూ అదే, పేరూ అదే. రేడియో నాటకాల గురించిన వ్యాసంలో ఈ పేరు వస్తే కవి పుటకు లంకె పెట్టకండి. నందమూరి తారక రామారావు సంగతి మీకు చెప్పనక్కర్లేదు. తాత (1923–1996), మనవడు (జననం 1983) ఇద్దరిదీ అదే ఇంటిపేరు, అదే పేరు, అదే వృత్తి. వాళ్ల విషయంలో ఎవరూ పొరబడరు, ఎందుకంటే ఇద్దరూ మన కళ్లముందు వాళ్లు. రెండు వందల ఏళ్ల తర్వాత ఒక్క పోస్టరు మాత్రమే మిగిలితే అప్పటి చరిత్రకారుడికి ఏం మిగులుతుందో ఆలోచించండి. పాత కవుల విషయంలో మన పరిస్థితి సరిగ్గా అదే.

కల్వకుంట్ల తారక రామారావు గారికి ఆ పేరు ఎన్టీఆర్ మీది అభిమానంతో పెట్టిందే. ప్రముఖుల పేర్లు పిల్లలకు పెట్టడం మొదలయ్యాక ఒకే పేరు ఒకే దశాబ్దంలో గుంపుగా కనిపిస్తుంది. మీ పట్టిక ఇటీవలి తరానికి వచ్చేసరికి ఇది ఇంకా ఎక్కువవుతుంది.

వృత్తి కలిస్తే చాలదని ఎందుకన్నానంటే, మన అయోమయాలు ఎక్కువగా ఒకే రంగంలో ఉన్నవాళ్ల మధ్యే వస్తాయి. న్యాయమూర్తినీ కవినీ ఎవరూ కలపరు. ఇద్దరు కవులను కలుపుతారు. రాజమండ్రి ఉదాహరణ చూడండి. శ్రీపాద కృష్ణమూర్తి శాస్త్రి (1866–1960) మహాభారతాన్ని ఒంటిచేత్తో తెలుగు చేసిన పండితుడు, ఆంధ్ర ఆస్థానకవి, గ్రాంథికం పక్షాన నిలబడినవారు. శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి (1891–1961) వాడుక తెలుగులో కథలు రాసి మన వచనానికే కొత్త ప్రాణం పోసినవారు. ఇంటిపేరు ఒకటి, చివర శాస్త్రి ఒకటి, గోదావరి జిల్లా ఒకటి, పనిచేసిన నగరం ఒకటి, పోయిన సంవత్సరాలు కూడా పక్కపక్కనే. ‘శ్రీపాదవారు’ అని మాత్రమే రాసిన వ్యాసాలు కోకొల్లలు. ఒక గ్రంథాలయం పట్టికలో ఈ ఇద్దరి పుస్తకాలూ ఒకే రచయిత కింద ఉండటం నేను స్వయంగా చూశాను. భాష గురించి ఎదురెదురుగా నిలిచిన ఇద్దరిని అలా ఒకరిని చేయడం చూస్తే నాకు నిజంగా బాధేసింది. పేరు తప్పు రాస్తే పోయేది పేరు ఒక్కటే కాదు, ఆ మనిషి దేని కోసం నిలబడ్డారో అది కూడా చెరిగిపోతుంది.

సినిమా రంగం ఈ చిక్కును తనకు తానే పరిష్కరించుకున్న తీరు నాకు ఇష్టం. శంకరమంచి జానకి, శిష్ట్లా జానకి: ఇద్దరి పొడి అక్షరమూ ఒకటే. నటి 1950లో వచ్చిన ‘షావుకారు’ పేరును ఇంటిపేరుగా చేసుకుని షావుకారు జానకి అయ్యారు, గాయని ఎస్. జానకిగా మిగిలారు. వరలక్ష్ములు ఇద్దరు, గరికపాటి వరలక్ష్మి, సరిదే వరలక్ష్మి. ఇద్దరూ నటీమణులు, ఇద్దరూ పాడగలరు, ఇద్దరూ ఒకే కాలం వారు. 1948లోనే జి. వరలక్ష్మి ‘ద్రోహి’లో, ఎస్. వరలక్ష్మి ‘బాలరాజు’లో కనిపిస్తారు. వాళ్లను వేరుచేసేది ఒక్క అక్షరమే. పాటల పుస్తకాల్లో ఆ అక్షరం చెదల పాలైతే మిగతా తారాగణం చూసి తేల్చుకోవాలి. ప్రతినాయకుల్లో రాజనాలలు ఇద్దరు. మనకు బాగా తెలిసిన రాజనాల పూర్తి పేరు రాజనాల కాళేశ్వరరావు. ఆయనకంటే ముందే పేరు తెచ్చుకుని 1959లో చిన్న వయసులో పోయిన ఆర్. నాగేశ్వరరావు కూడా రాజనాలవారే. ‘మాయాబజార్’లో దుశ్శాసనుడు ఈయన. ఇద్దరూ ప్రతినాయక పాత్రలకే పేరుపడటంతో వృత్తి చూసి తేల్చుకునే దారి కూడా మూసుకుపోయింది. రచయిత చలాన్నీ (1894–1979) నటుడు చలాన్నీ మాత్రం ఎవరూ కలపరనుకుంటాను, కానీ యంత్రాలు కలుపుతాయి. ఇంటర్నెట్‌లో ఒకరి జీవిత విశేషాల పక్కన మరొకరి ఫోటో రావడం మీరు కూడా చూసే ఉంటారు. ఫోటోను ఎప్పుడూ సాక్ష్యంగా తీసుకోకండి.

చలం పేరు వచ్చింది కాబట్టి ఒక జాగ్రత్త. తండ్రి పేరు, ఇంటిపేరు కలవకపోయినా ఒకే మనిషి కావచ్చు. చలం పుట్టింది కొమ్మూరి వారింట. మాతామహుడు దత్తత తీసుకోవడంతో గుడిపాటి వెంకటచలం అయ్యారు. దత్తత మన పాత కుటుంబాల్లో చాలా మామూలు విషయం. జీవితచరిత్రలో తండ్రి పేరు ఒకచోట ఒకటి, మరోచోట ఇంకొకటి కనిపిస్తే ఇద్దరు మనుషులని తొందరపడకుండా దత్తత ఉందేమో చూడండి. స్త్రీల విషయంలో పెళ్లికి ముందు, తర్వాత ఇంటిపేర్లు మారతాయి కాబట్టి ఒకే రచయిత్రి రెండు పేర్లతో ఉండే వీలు ఇంకా ఎక్కువ. లక్ష్మీకాంతమ్మ పేరుతో ఊటుకూరి లక్ష్మీకాంతమ్మ కవయిత్రి, తేళ్ల లక్ష్మీకాంతమ్మ ఖమ్మం నుంచి లోక్‌సభకు వెళ్లిన నాయకురాలు. పత్రికల్లో ‘శ్రీమతి లక్ష్మీకాంతమ్మ’ అని మాత్రమే ఉంటే సభ ఎక్కడ జరిగిందో, దేని గురించో చూడాలి.

ఇప్పుడు పాతకాలానికి వెళదాం. నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది ఇదే.

నెల్లూరు మనుమసిద్ధి కొలువులో పదమూడో శతాబ్దంలో ఇద్దరు తిక్కనలున్నారు. ఒకరు భారతంలో పదిహేను పర్వాలు రాసిన తిక్కన సోమయాజి. మరొకరు కాటమరాజుతో జరిగిన పోరులో ప్రాణాలిచ్చిన ఖడ్గ తిక్కన. ఇద్దరూ అన్నదమ్ముల బిడ్డలు. ఒకే తాత, ఒకే ఊరు, ఒకే రాజు, ఒకే కాలం. నేను పైన చెప్పిన మూడు గుర్తుల్లో రెండు ఇక్కడ పనికిరావు. మిగిలింది తండ్రి పేరు. మన పూర్వకవులు ఎంత ముందుచూపు ఉన్నవారో చూడండి. ప్రతి ఆశ్వాసం (కావ్యంలో అధ్యాయం) చివర గద్యలో తమ వివరం తామే రాసుకున్నారు. ‘శ్రీమదుభయకవిమిత్ర కొమ్మనామాత్యపుత్ర బుధారాధనవిరాజి తిక్కన సోమయాజి’ అని కవి తిక్కన సంతకం. ఈయన కొమ్మన కొడుకు. ఖడ్గ తిక్కన సిద్ధన కొడుకు. ఒక్క గద్యతో చిక్కు విడిపోయింది. పాత కావ్యాలతో పనిచేసేటప్పుడు అవతారిక (కావ్యం మొదట ఉండే పరిచయ భాగం), ఆశ్వాసాంత గద్య ముందు చదవండి, కథ తర్వాత.

వాళ్ల తాత పేరు భాస్కరుడు, మంత్రి భాస్కరుడంటారు. ‘భాస్కర రామాయణం’ రాసిన హుళక్కి భాస్కరుడు వేరు. గణితంలోకి వెళితే మళ్లీ ఇద్దరు భాస్కరులు: ఏడో శతాబ్దంలో ఒకరు, 1150లో ‘సిద్ధాంత శిరోమణి’ రాసిన మరొకరు. చరిత్రకారులు వీళ్లను మొదటి భాస్కరుడు, రెండో భాస్కరుడు అని అంకె వేసి వేరుచేస్తారు. అంకె వేయడం సౌకర్యమే గానీ వాళ్ల కాలంలో వాళ్లను ఎవరూ అలా పిలవలేదు కాబట్టి పాత గ్రంథాల్లో ఆ అంకె కోసం వెతకకండి.

మల్లనలు ముగ్గురు. పావులూరి మల్లన తెలుగులో గణితం రాశాడు. ప్రౌఢకవి మల్లన ‘రుక్మాంగద చరిత్ర’ రాశాడు, పోతన కొడుకని చెబుతారు. మాదయగారి మల్లన రాయల కాలపు ‘రాజశేఖర చరిత్రము’ కవి. వీరిలో మాదయగారి మల్లన పేరులోనే తండ్రి పేరు ఉంది. అంటే అప్పటి వాళ్లకే ఈ అవసరం తెలుసు. పావులూరి మల్లన విషయంలో చిక్కు ఆ ఇంట్లోనే ఉంది. రాజరాజనరేంద్రుడి దగ్గర అగ్రహారం పొందిన మల్లన, గణితం రాసిన మల్లన ఒకరేనా, తాతా మనవలా అనే చర్చ పండితుల మధ్య నడిచింది. తాత అయితే కవి పదకొండో శతాబ్దం వాడు, మనవడైతే రెండు తరాలు ఇవతలికి వస్తాడు. తెలుగు సాహిత్యంలో ఒక గ్రంథం వయసు ఇలా ఒక పేరు మీద ఆధారపడి ఉంది.

తాత పేరు మనవడికి పెట్టే ఆచారం రాజవంశాల్లో ఎంత దూరం వెళ్లిందో చూడాలంటే రాజమహేంద్రవరమే చాలు. నన్నయ భారతం ఎవరి కోసం రాశాడో ఆ రాజరాజనరేంద్రుడి తల్లి కుందవ. ఆమె తంజావూరు రాజరాజ చోళుడి కూతురు. మాతామహుడి పేరే మనవడికి వచ్చింది. రాజరాజ చోళుడి అక్క పేరు కూడా కుందవే, మేనత్త పేరు మేనకోడలికి పెట్టారన్నమాట. తర్వాత రాజరాజనరేంద్రుడు రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవిని పెళ్లి చేసుకున్నాడు. వాళ్ల కొడుకుకు రాజేంద్రుడని మళ్లీ మాతామహుడి పేరే పెట్టారు. ఆ రాజేంద్రుడే 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగ చోళుడయ్యాడు. ఇద్దరు రాజరాజులు, ఇద్దరు రాజేంద్రులు, ఇద్దరు కుందవలు, అందరూ చుట్టాలే. ఈ కాలం గురించి రాసేటప్పుడు వంశవృక్షం కాగితం మీద గీసుకోకుండా ఒక్క వాక్యం కూడా రాయకండి.

ప్రతాపరుద్రుడు కూడా అంతే. ఓరుగల్లు కాకతీయ ప్రతాపరుద్రుడి పాలన 1323లో ముగిసింది. కటకం (ఒడిశాలోని కటక్) గజపతి ప్రతాపరుద్రుడు 1497 నుంచి 1540 వరకు పాలించాడు. కృష్ణదేవరాయలతో పోరాడి ఓడి, తర్వాత కూతురిని ఇచ్చి పెళ్లి చేసింది ఈయన. ‘ప్రతాపరుద్ర యశోభూషణం’ రాసిన విద్యానాథుడు కాకతీయుడి ఆస్థానంలోని వాడు. ఇది చాలదన్నట్టు, హనుమకొండ వేయిస్తంభాల గుడి కట్టించిన కాకతీయ రుద్రదేవుణ్ణి కూడా కొందరు మొదటి ప్రతాపరుద్రుడంటారు. రుద్రమదేవి శాసనాల్లో రుద్రదేవ మహారాజుగా కనిపిస్తుంది. కాకతీయ శాసనంలో ‘రుద్రదేవుడు’ అని చదవగానే మగవాడే అనుకోకూడదు, శక సంవత్సరం చూడాలి.

పేర్లు కలవడం వల్ల కట్టుకథ కూడా పుడుతుంది. వేమన కొండవీటి రెడ్డిరాజుల ఇంటివాడని, అనవేమారెడ్డి తమ్ముడని చాలాకాలం చెప్పుకున్నారు. ఆ వంశంలో, వాళ్ల చుట్టాల్లో వేమలు నిజంగానే చాలామంది: రాజ్యం స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి, అనవేమారెడ్డి, శ్రీనాథుణ్ణి ఆదరించిన పెదకోమటి వేమారెడ్డి, కాళిదాసు నాటకాలకు వ్యాఖ్య రాసిన కాటయ వేమారెడ్డి. అంతమంది వేమల మధ్య మన వేమనకు ఒక చోటు చూపించడం జనానికి తేలికైంది. పద్యాల భాష చూస్తే రెడ్డిరాజుల కాలానికి పొసగదు, పదిహేడో శతాబ్దం ప్రాంతం వాడని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. కథ ఎంత అందంగా ఉన్నా కాలం ఒప్పుకోకపోతే పట్టికలో ఎక్కించకూడదు.

కాలం పరీక్ష ఎంత పదునైనదో నా దగ్గరికి వచ్చిన ఒక సందర్భం చెబుతాను. ఒక ఊరివాళ్లు తమ ఊరి కవి శతజయంతి సంచికను అచ్చుకు ముందు చూడమని పంపారు. రచనల జాబితాలో ఒక శతకం అచ్చయిన సంవత్సరానికి కవి వయసు లెక్కేస్తే ఇంకా పసివాడు. పాత ప్రతి తెప్పించి చూస్తే పీఠికలో తండ్రి పేరు వేరు. ఆ శతకం రాసింది అదే పేరున్న తాత. ఇంట్లో వాళ్లకు కూడా ఆ తాత కవి అని తెలియదు. సంచికలో ఆయనకు విడిగా రెండు పుటలు కేటాయించారు. పేర్లు విడదీస్తే ఒకరికి రచనలు తగ్గిపోతాయని బాధపడేవాళ్లకు నేను చెప్పేది ఇదే: తగ్గడం కాదు, మరుగున పడిన ఇంకొక మనిషి బయటికి వచ్చారు.

ఇద్దరి మాటలూ ఒకరివిగా చలామణి కావడం ఇంకో రకం ఇబ్బంది. జిడ్డు కృష్ణమూర్తి (1895–1986) మదనపల్లెలో, ఉప్పలూరి గోపాల కృష్ణమూర్తి (1918–2007) మచిలీపట్నంలో పుట్టారు. ఇద్దరికీ దివ్యజ్ఞాన సమాజంతో సంబంధం ఉండేది, ఇద్దరూ దానికి దూరమయ్యారు, ఇద్దరూ ప్రపంచమంతా తిరిగి మాట్లాడారు. జె.కె. మాటలు విని, ఆయనతో వాదించి, తర్వాత ఆయన బోధనలనే గట్టిగా తోసిపుచ్చినవారు యు.జి. ‘కృష్ణమూర్తి అన్నారు’ అని ఎవరైనా ఒక సూక్తి పంపితే పొడి అక్షరం అడగండి. అది లేకుండా ఆ వాక్యాన్ని ఎక్కడా వాడకండి.

మీ పట్టికలో ఎలా రాయాలంటే: ఇంటిపేరు పూర్తిగా ముందు, తర్వాత పేరు, కుండలీకరణల్లో జనన మరణ సంవత్సరాలు, తర్వాత ఒక్క మాటలో గుర్తు. సంవత్సరాలు తెలియకపోతే శతాబ్దం, అదీ లేకపోతే ఊరు. వృత్తి ఒక్కటే పెట్టి వదిలేయకండి. వాడుకలో ఉన్న పొడి అక్షరాల పేరు కింద విడిగా ఒక పంక్తి పెట్టి అక్కణ్ణుంచి చూడవలసిన పూర్తి పేర్లన్నీ ఇవ్వండి. అంటే మీ పట్టికలో ఇలా ఉండాలి:

బి.ఎన్. రెడ్డి: చూడండి, బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి; భీమిరెడ్డి నరసింహారెడ్డి.
బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి (1908–1977), సినీ దర్శకుడు, కడప జిల్లా.
భీమిరెడ్డి నరసింహారెడ్డి (1922–2008), సాయుధ పోరాట నాయకుడు, నల్లగొండ జిల్లా.

నరసింహారెడ్డి పేరు దగ్గర ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని (1847లో ఉరితీశారు) కూడా చేర్చడం మరచిపోకండి. పిల్లలు ముందు ఆ పేరుతోనే వెతుకుతారు. మీ దగ్గర తేలని జంటలు ఇంకా ఉంటే రెండు పుస్తకాల ముఖపత్రాలు, పీఠికల చివరి పుటలు ఫోటో తీసి ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.